కొత్త వాల్వ్ వేసినా ఆగని ఫ్లష్ ట్యాంక్: పై అంతస్తు కిరాయి ఫ్లాట్ కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లో ఓ పదిహేనేళ్ల కిందట కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. అందులో పై అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ముగ్గురున్న కుటుంబం కిరాయికి ఉంటోంది. నీళ్లు బోరువి, ఎండాకాలంలో ట్యాంకర్లవి. షవర్ రంధ్రాల్లోనూ కుళాయి మూతుల దగ్గరా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఈ నగరంలో బోరు నీళ్లతో బతికే చాలా బిల్డింగుల్లో ఇదే దృశ్యం. అటాచ్డ్ బాత్రూమ్‌లోది గోడకు బిగించిన ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంక్. రెండు బటన్లది, నీళ్లు పక్క నుంచి ఎక్కే రకం.

కిరాయి ఒప్పందంలో "చిన్న రిపేర్లు కిరాయిదారువి, పెద్దవి ఓనరువి" అని ఒక్క వాక్యం ఉంది. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది అందులో లేదు. ఈ కేసులో తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఆ వాక్యం నీడ ఉంటుంది. అందుకే ముందే చెప్పాను.

సమస్య

కుటుంబం చెప్పినవి మూడు. రాత్రి పదకొండు దాటాక బాత్రూమ్‌లోంచి 'సుయ్' మని సన్నటి చప్పుడు మొదలై పొద్దున ఆరింటికి ఆగిపోతోంది. కమోడ్ లోపల వెనక వైపు తెల్లటి చార పడింది, ఎంత రుద్దినా వారంలో మళ్లీ వస్తోంది. ఫ్లష్ ట్యాంకులో వేసే నీలం బిళ్ల ఇదివరకు నెల వచ్చేది, ఇప్పుడు పది రోజులకే కరిగిపోతోంది.

మూడోదాన్ని వాళ్లు బిళ్ల నాణ్యత మీద ఫిర్యాదుగా చెప్పారు. నిజానికి అన్నిటికంటే విలువైన ఆధారం అదే. బిళ్ల ఇంత త్వరగా కరుగుతోందంటే ఫ్లష్ నొక్కనప్పుడూ ట్యాంకులో నీళ్లు నిలకడగా లేవు, మారుతున్నాయి. అంటే కింద నుంచో, మట్టం మరీ పెరిగితే అదనపు నీళ్లు దిగే ఓవర్‌ఫ్లో గొట్టం పై నుంచో నీళ్లు కమోడ్‌లోకి పోతున్నాయి.

అసోసియేషన్ వాళ్లు మాత్రం లీకే లేదన్నారు. ఆ బాత్రూమ్‌కు నీళ్లిచ్చే లైనుకు పెట్టిన మీటర్ రాత్రంతా కదల్లేదట. అపార్ట్‌మెంట్లలో వాడే చిన్న మెకానికల్ మీటర్లలో చక్రం తిరగడానికి కొంత ధార కావాలి. అంతకంటే సన్నటి ధార వాటి కళ్లబడకుండానే వెళ్లిపోగలదు. మీటర్ తిరిగితే లీకున్నట్టే. తిరగకపోతే మాత్రం ఏమీ తేలనట్టు.

ముందు జరిగిన ప్రయత్నాలు

ప్లంబర్ మొదటిసారి వచ్చి చప్పుడు విని, నీళ్లు ఎక్కించే ఫిల్ వాల్వ్ మార్చాడు. పాతది పొడవాటి లివర్, చివర బంతి ఉన్న బాల్‌కాక్. కొత్తది నిలువుగా, సన్నగా, చూడ్డానికి బాగుండే రకం. వాల్వ్ 850, కూలి 400. పాతదాన్ని చెత్తబుట్టలో వేసి వెళ్లాడు. రెండు రోజులు నిశ్శబ్దం, మూడో రాత్రి మళ్లీ చప్పుడు.

రెండోసారి వచ్చి, నీటి మీద తేలి మట్టం చేరగానే వాల్వ్‌ను మూయించే ఫ్లోట్‌ను 5 సెం.మీ. కిందికి దించి, "వాల్వ్ కొత్తదే సార్, మీ నీళ్లే మంచివి కావు" అన్నాడు. మరో 400. ఫ్లోట్ దించడంలో తర్కం లేకపోలేదు. మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు మరీ దగ్గరగా ఉండి పొర్లుతుంటే దించితే సరిపోతుంది. కానీ వాల్వ్ పూర్తిగా మూసుకోనప్పుడు ఫ్లోట్ ఎంత దించినా నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి, పొర్లడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుందంతే. దీనికి తోడు పగలు ట్యాంకులో నీళ్లు తక్కువై ఒక్క ఫ్లష్ చాలక రెండుసార్లు నొక్కడం మొదలైంది. నీళ్లు మిగిల్చే పేరుతో వాడకం పెరిగింది.

రిపేర్లకు సలహాలిచ్చే మా దగ్గరికి ఈ కేసు వచ్చింది ఈ దశలో. తొలి సలహాలన్నీ ఫోన్లో, వీడియో కాల్‌లోనే సాగాయి.

తప్పుదారి పట్టించిన పరీక్ష

ఫ్లష్ ట్యాంకులో లీకు రెండు చోట్ల ఉండొచ్చు. అడుగున, బటన్ నొక్కితే నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వ్ కింద ఉండే రబ్బరు వాషర్ దగ్గర ఒకటి. పైన ఫిల్ వాల్వ్ ఆగక ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొర్లడం రెండోది. రెంటినీ విడదీయడానికి అందరూ చేసే పరీక్ష ఒకటుంది. గోడ దగ్గర ట్యాంకుకు నీళ్లు ఆపే చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ను కట్టేసి, ట్యాంకు లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, అరగంట ఆగి చూడాలి. మట్టం దిగితే వాషర్ లీకు. దిగకపోతే అనుమానం ఫిల్ వాల్వ్ మీదికి పోతుంది.

సాయంత్రం చేయించాం. అరగంట తర్వాత మట్టం గీత మీదే ఉంది. వాషర్ బాగుందనుకున్నాం.

మర్నాడు సాయంత్రం రంగు పరీక్ష. నీలం బిళ్ల తీసేసి, నాలుగైదు ఫ్లష్‌లతో ట్యాంకు కడిగి, వంటింట్లో కేసరికి వాడే రంగు పావు చెంచా నీళ్లలో కలిపి ట్యాంకులో పోయించాం. బటన్ ముట్టుకోవద్దన్నాం. 12 నిమిషాల్లో కమోడ్ లోపల వెనక వైపు నారింజ చార దిగింది. అప్పుడు ట్యాంకులో మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు చాలా కింద ఉంది, కాబట్టి పై నుంచి పొర్లే అవకాశం లేదు. రంగు అడుగు నుంచే వచ్చింది. నిన్న వాషర్ బాగుందన్న పరీక్ష, ఇవాళ కారుతోందన్న పరీక్ష. రెండూ నిజమయ్యే దారి ఒక్కటే ఉంది: కట్టేశామనుకున్న యాంగిల్ కాక్ కట్టుకోలేదు. కింద పోయినంతా పైనుంచి నిండుతోంది.

తేల్చడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు. యాంగిల్ కాక్ కట్టి ఫ్లష్ నొక్కితే ట్యాంకు ఖాళీగానే ఉండాలి. ఇక్కడ ఫిల్ వాల్వ్ మూతి నుంచి దారంలా నీళ్లు పడుతూనే ఉన్నాయి. ప్లంబర్ల మాటలో చెప్పాలంటే కాక్ 'పాస్' అవుతోంది. ఈ రెండు నిమిషాల పని పెన్సిల్ గీతకు ముందే చేయించి ఉండాల్సింది. ఆ వరుస తప్పడం మా పొరపాటు, దానివల్ల మూడు రోజులు పోయాయి.

ఆ మూడు రోజుల్లో కిరాయిదారు ఊరుకోలేదు. శానిటరీ షాపుకెళ్లి "ఫ్లష్ ట్యాంక్ వాషర్" అని కంటి అంచనాతో ఒకటి కొనుక్కొచ్చి వేశారు. పాతది 2.5 మి.మీ. మందం, కొత్తది 3.5. గాడిలో పూర్తిగా కూర్చోక అంచు అలలుగా లేచింది, లీకు పెరిగింది. దాంతో పాత వాషరే తిరిగి వేసి, అది కూర్చునే అంచు చుట్టూ సిలికాన్ పూశారు. తడి ప్లాస్టిక్‌కు, అందులోనూ ఉప్పు పట్టినదానికి సిలికాన్ అంటుకోదు. మర్నాటికే పొరలుగా లేచి, ఒక ముక్క వాషర్ కింద ఇరుక్కుంది. అదృష్టం ఏమిటంటే ఎం-సీల్ పెట్టలేదు. అది గట్టిపడితే ట్యాంకే మార్చాల్సి వచ్చేది.

యాంగిల్ కాక్ జోలికి ఎందుకు పోలేదు

కాక్ పాస్ అవుతోందని తెలిసిన వెంటనే ఎవరికైనా దాన్ని మార్చాలనిపిస్తుంది. మేం వద్దన్నాం. కాక్ మర గోడలో ఉన్న ఫిట్టింగ్‌లో బిగిసి ఉంటుంది. పదిహేనేళ్లు కదలనిదాన్ని రెంచ్‌తో తిప్పితే ఊడి రావచ్చు, లేదా గోడ లోపలి ఎల్బో పగలొచ్చు. పగిలితే టైల్ కొట్టాలి. అది కిరాయిదారు అడ్వాన్సులోంచి పోయే ఖర్చు. పైగా కాక్ పాస్ అవడం వల్ల చుక్క నీరు కూడా వృథా కావడం లేదు, మనకు పని చేసుకోవడం ఇబ్బంది అవుతోందంతే. కాక్ సంగతి ఓనరుకు వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపించి, వీడియో జత చేయించి, అక్కడితో వదిలేశాం.

మరి పరీక్ష ఎలా? ట్యాంకు పక్కన కనెక్షన్ పైపు నట్టు చేత్తో విప్పి, పైపు చివరను బకెట్‌లో వదిలేయడమే. పాస్ అయిన నీళ్లు బకెట్‌లో పడతాయి, ట్యాంకులోకి చుక్క ఎక్కదు. ఇది పక్క నుంచి నీళ్లు ఎక్కే ట్యాంకు, ఆ రంధ్రం నీటి మట్టానికి పైన ఉంటుంది కాబట్టి విప్పినా ట్యాంకు నీళ్లు బయటికి రావు. అడుగు నుంచి ఎక్కే రకమైతే ఈ ఉపాయం జాగ్రత్తగా చేయాలి, విప్పే ముందు కింద టవల్ పరచాలి.

ఈసారి అరగంటలో మట్టం 15 మి.మీ. దిగింది. ట్యాంకు లోపలి కొలత 36 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు, అంటే 468 చదరపు సెం.మీ. దాన్ని 1.5తో గుణిస్తే 702 మి.లీ. గంటకు 1.4 లీటర్లు.

పైన, కింద రెండు చోట్లా అనుమానం ఉన్నప్పుడు కింది లీకే ముందు ఆపాలి. అడుగు కారుతుంటే పై వాల్వ్ ఎంత లీకవుతోందో కొలవలేం.

వాషర్ పని

బటన్ల చుట్టూ ఉన్న రింగ్ తిప్పి మూత తీయడం, ఫ్లష్ వాల్వ్‌ను ఎడమకు పావు చుట్టు తిప్పి పైకి లాగడం, అంతే. స్పానర్ అక్కర్లేదు. తీసే ముందు ఫొటో తీసుకోవాలి. రెండు బటన్ల కడ్డీల్లో ఏది పొడవో తిరిగి పెట్టేటప్పుడు గుర్తుండదు.

వాషర్ రబ్బరు మీద గుండ్రటి గాడి పడి ఉంది. ఏళ్ల తరబడి ఒకే అంచు మీద కూర్చుంటే పడేదే. దానికంటే ముఖ్యమైనది ట్యాంకు అడుగున ఆ వాషర్ కూర్చునే అంచు. చూపుకు బాగానే కనిపించింది. కళ్లు మూసుకుని చూపుడువేలితో చుట్టూ నెమ్మదిగా తడమమన్నాం. గడియారంలో నాలుగు దగ్గర గరుకు తగిలింది. బియ్యపు గింజలో సగం ఉండే ఉప్పు పొక్కు. కొత్త వాషర్ తెచ్చి వేసినా దీని మీద కూర్చుని కారేది.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 30 గ్రాములు లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపించాం. పాత గుడ్డను అందులో ముంచి అంచు చుట్టూ చుట్టి 20 నిమిషాలు వదిలి, వాడేసిన టూత్ బ్రష్‌తో రుద్దించాం. సన్నటి బుడగలు రావడం ఆగేదాకా ఇలా రెండుసార్లు. సిలికాన్ తొక్కలు ఐస్‌క్రీమ్ పుల్లతో గీకి తీయించాం. కత్తి, స్క్రూడ్రైవర్, స్టీల్ పీచు వద్దు. ప్లాస్టిక్ అంచు మీద గీత పడితే ఆ లీకు ఇక జన్మలో పోదు. బాత్రూమ్ యాసిడ్ ట్యాంకులో అసలే పోయొద్దు. అది రబ్బరునూ లోహపు భాగాలనూ తింటుంది. బ్లీచింగ్ ఉన్న బిళ్ల గానీ పౌడర్ గానీ అక్కడుంటే, దాంతో కలిసి క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ చిన్నగా ఉండే బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెచ్చేంత ప్రమాదం.

సరైన వాషర్ దొరికేదాకా పాతదాన్నే నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానబెట్టి, తిరగేసి వేయించాం. రెండు పక్కలా చదునుగా ఉండే వాషర్ అయితే గాడి పడని వైపు కింద వస్తుంది, కొన్ని వారాలు ఆగుతుంది. తర్వాత పాత వాషర్, ఫ్లష్ వాల్వ్ రెండూ కవర్లో పెట్టుకుని షాపుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి 40 రూపాయలకు అదే రకం తెచ్చారు. బకెట్ పరీక్ష మళ్లీ చేస్తే గంట తర్వాత కూడా మట్టం గీత మీదే ఉంది.

ఆ రాత్రి చప్పుడు మాత్రం మామూలే.

చప్పుడుకు వేళ ఎందుకుంది

కొత్త ఫిల్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుందేమోనని ముందు అనుమానించాం. ఈ రకం వాల్వుల్లో సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, అది మూసుకుపోయినా వాల్వ్ ఆగదు. తల విప్పి కడిగించాం. శుభ్రంగానే ఉంది. తేడా రాలేదు.

అప్పుడు వేళ గురించి ఆలోచించాం. మలినం అడ్డుపడితే పగలూ కారాలి కదా, రాత్రి పదకొండు నుంచి ఆరు దాకానే ఎందుకు? వాచ్‌మన్‌ను అడిగితే మోటార్ వేసే వేళలు చెప్పాడు: పొద్దున ఆరు, సాయంత్రం అయిదు. రాత్రి వాడకం ముగిసేసరికి మేడ మీది ట్యాంకులో నీళ్లు అడుగుకు చేరతాయి, ఆరింటిదాకా అలాగే ఉంటాయి.

కొత్త వాల్వ్ లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఫ్లోట్ లేచి చిన్న రంధ్రాన్ని మూయగానే పొర వెనక నీళ్ల ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడే పొరను నొక్కి దారి మూస్తుంది. అంటే అసలు మూసేది ఫ్లోట్ కాదు, లైన్లో ఉన్న ప్రెషర్. పెట్టె మీద సన్నటి అక్షరాల్లో, పనిచేయడానికి కావాల్సిన ప్రెషర్ 0.5 నుంచి 8 బార్ అని ఉంది.

ఇక్కడున్నది ఎంత? నీటి ఎత్తు 10 మీటర్లకు సుమారు 1 బార్. మేడ మీది ట్యాంకు అడుగు శ్లాబుకు 1.5 మీ. పైన ఉంది. శ్లాబు నుంచి ఫ్లాట్ నేల 3 మీ. కింద, ఫ్లష్ ట్యాంకు మూతి నేలకు 0.8 మీ. పైన. లెక్కేస్తే 3.7 మీటర్లు, 0.37 బార్. మేడ మీది ట్యాంకు నిండితే ఇంకో 1.2 మీ. కలిసి 0.49. నిండుగా ఉన్నప్పుడు అంచు మీద నిలబడి మూసుకుంటోంది, అడుగంటినప్పుడు మూసుకోలేకపోతోంది. మొదట్లో రెండు రోజులు బాగుండడానికి కారణమూ దొరికింది. ఆ వారాంతం ట్యాంకర్ వచ్చి ట్యాంకు రాత్రుళ్లు కూడా నిండుగా ఉంది.

వాల్వ్ చెడిపోలేదు. మొదటి అంతస్తులో వేస్తే ఏళ్లు పనిచేసేది. పై అంతస్తుకు అది సరిపోలేదు, అంతే.

పొద్దున అయిదున్నరకు కొలిపించాం. ఫ్లష్ చేసి, మట్టం తక్కువగా ఉండగానే ఫ్లోట్‌ను పైకి లేపి దారంతో కట్టేయాలి. నిండిందని వాల్వ్ అనుకుంటుంది. అప్పుడు ఎక్కే నీళ్లన్నీ లీకే. 10 నిమిషాల్లో 30 మి.మీ. ఎక్కింది. 468 ఇంటూ 3, అంటే 1.4 లీటర్లు. గంటకు 8.4.

రెండు లీకులనూ కూడేయకూడదు. రాత్రి పైనుంచి వచ్చే 8.4 లీటర్లలోనే కింద పోయేది కూడా ఉంది. రాత్రి 7 గంటలకు సుమారు 59 లీటర్లు, మిగతా 17 గంటలకు వాషర్ లీకు 24. రోజుకు 83, నెలకు దాదాపు 2,500. 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం.

పనిచేసిన పరిష్కారం

ప్లంబర్ పారేసిన రకమే, లివర్ బాల్‌కాక్, 15 మి.మీ., 220 రూపాయలది. దీన్లో మూసేది లివర్ బలం. బంతి నీళ్లలో తేలుతూ పొడవాటి చేతి చివర నుంచి వాషర్‌ను నొక్కుతుంది, లైన్లో ప్రెషర్ తక్కువైతే దాని పని ఇంకా తేలిక. ముందున్న బాల్‌కాక్‌కు అరిగిన చిన్న రబ్బరు గుండీ మార్చితే సరిపోయేదని ఇప్పుడు చెప్పగలం గానీ అది చెత్తబండిలో పోయింది.

బిగించేటప్పుడు ట్యాంకు లోపల రబ్బరు వాషర్, బయట నట్టు, చేతి బిగువు మీద పావు చుట్టు. కాక్ పాస్ అవుతున్నందున పైపు చివర బకెట్‌లో పెట్టుకుని చేశారు. కనెక్షన్ పైపు నట్టులో దాని వాషర్ దానికి ఉంటుంది, అక్కడ టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు. చుట్టితే నట్టు పూర్తిగా కూర్చోదు, ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది. ఇళ్లలో చూసే తడి నేలల్లో కొన్నిటికి ఈ అనవసరపు టేపే మూలం.

బంతి ఫ్లష్ వాల్వ్‌కు తగులుతోంది. లివర్‌ను కొంచెం గోడవైపు తిప్పి, పైకీ కిందికీ పూర్తిగా ఆడించి చూశాక బిగించారు. మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు 25 మి.మీ. కింద. పొద్దున అయిదున్నర పరీక్ష బంతి కట్టి మళ్లీ చేస్తే 10 నిమిషాల్లో మట్టం కదల్లేదు. రంగు పరీక్ష అరగంట, కమోడ్ తెల్లగానే ఉంది.

ఓనరుతో

కాక్ వీడియో, 0.5 బార్ అని ఉన్న పెట్టె ఫొటో, రెండు బిల్లులు ఒకే మెసేజ్‌లో పంపమన్నాం. "మీ ప్లంబర్ తప్పు" అన్న మాట లేకుండా, పై అంతస్తు ప్రెషర్ లెక్క ఒక్క వాక్యంలో. బాల్‌కాక్, వాషర్ కలిపి 260 రూపాయలు ఓనరు కిరాయిలో తగ్గించుకోమన్నారు. ప్లంబర్‌కు ఇచ్చిన 1,650 గురించి మాట్లాడలేదు. తీసేసిన నిలువు వాల్వ్‌ను పెట్టెతో సహా అటక మీద పెట్టించాం. ఖాళీ చేసే రోజు "850 వాల్వ్ ఏది" అన్న ప్రశ్న వస్తే చూపించడానికి.

ఆరు వారాల తర్వాత ఫోన్ చేస్తే చప్పుడు లేదన్నారు, నీలం బిళ్ల నాలుగు వారాలు దాటిందట. కమోడ్ మీది తెల్లటి చారకు నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచిన టిష్యూ రాత్రంతా అంటించి పొద్దున రుద్దారు, తిరిగి రాలేదు. యాంగిల్ కాక్ మాత్రం ఇంకా పాస్ అవుతూనే ఉంది. ఓనరు "చూద్దాం లెండి" అన్నారట. ఈలోగా ఆ లైను కట్టేసే వాల్వ్ మేడ మీద ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడిగి చూసి, దానికి ఎర్ర గుడ్డ కట్టి వచ్చారు.